చలికాలంలో మామిడి చెట్టుకు రోజూ నీళ్లు పోస్తున్నారా? పూత రాకపోవడానికి అదే కారణం కావచ్చు!

వానలు తగ్గాయి. కార్తీకం వచ్చేసింది. పొద్దున్నే లేచి చూస్తే ఆకుల మీద మంచు. ఇప్పుడు చాలా ఇళ్లలో జరిగేది ఒకటే.. వాన లేదు కదా, పాపం చెట్లు ఎండిపోతాయేమో అని పైపు పట్టుకుని పెరడంతా తడిపేయడం. మా ఇంట్లోనూ అదే సీన్. వాషింగ్ మెషిన్ నీళ్లు మామిడి చెట్టు పాదులోకి వెళ్లేలా మా నాన్న ఏకంగా ఒక గొట్టమే వేశారు. చెట్టు చూడ్డానికి ఏపుగా, పచ్చగా ఉండేది. పూత మాత్రం లేదు. మూడో ఏడాది కూడా పూయకపోయేసరికి "ఇది గొడ్డు చెట్టు, కొట్టించేద్దాం" అనేదాకా వచ్చింది వ్యవహారం.

అసలు తప్పు చెట్టుది కాదు, ఆ గొట్టానిది.

మామిడి కొమ్మ చివర మొగ్గకు రెండు దారులుంటాయి. కొత్త ఇగురు వేయడం లేదా పూత వేయడం. నేలలో తడి, గాలిలో వెచ్చదనం ఉంటే ఇగురు వైపు మొగ్గుతుంది. రాత్రిళ్లు చల్లబడి, ఉష్ణోగ్రత 15 డిగ్రీల దగ్గరికి వచ్చి, నేల కూడా పొడిబారితే పూత వైపు తిరుగుతుంది. తెలంగాణ జిల్లాల్లో ఆ చలి మామూలుగానే దొరుకుతుంది. కోస్తాలో రాత్రిళ్లు అంతగా చల్లబడవు కాబట్టి అక్కడ నేల పొడిగా ఉండటం మరీ ముఖ్యం. వానాకాలంలో వచ్చిన కొమ్మలు ముదరడానికి కూడా ఈ విరామం కావాలి. నవంబర్‌లో నీళ్లు, పైగా యూరియా వేస్తే లేత ఎర్రటి ఇగురు వస్తుంది. చూడ్డానికి భలే ఉంటుంది కానీ ఆ కొమ్మకు ఆ ఏడాది కాయ మీద ఆశ వదులుకోవాల్సిందే.

అందుకే కాపుకొచ్చిన మామిడికి వానలు ఆగినప్పటి నుంచి నీళ్లు ఆపేయాలి. పూత వచ్చి, పిందెలు బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ మొదలుపెట్టాలి. అంటే దాదాపు రెండు మూడు నెలల విరామం. పెద్ద చెట్టు వేళ్లు లోతుకు వెళ్లి ఉంటాయి, ఎండిపోతుందన్న భయం అక్కర్లేదు.

అయితే ఇక్కడ కొన్ని మినహాయింపులున్నాయి. నాలుగైదేళ్ల లోపు మొక్కలకు నీళ్లు ఆపొద్దు, వాటికి ఇది పెరిగే వయసు. టెంక నుంచి మొలిచిన చెట్టయితే కాపుకు రావడానికే ఆరేళ్ల నుంచి పదేళ్లు పట్టొచ్చు, కాబట్టి తొందరపడి గొడ్డలి తీయొద్దు. చాలా రకాలు ఒక ఏడాది విరగకాసి మరుసటి ఏడాది తక్కువ కాస్తాయి. అదీ జబ్బు కాదు. నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లకు నవంబర్, డిసెంబర్‌లోనే ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. అక్కడ నీళ్లు ఆపడం మన చేతుల్లో ఉండదు. చేయగలిగింది పాదులో నీరు నిలవకుండా కాలువ తీయడమే.

నిమ్మ, మల్లెలకు కూడా దాదాపు ఇదే లెక్క. మల్లెకు ఇప్పుడు నీళ్లు తగ్గించి, నవంబర్ చివరి నుంచి జనవరి మధ్యలో కొమ్మలు కత్తిరిస్తే ఎండాకాలంలో పూలు బాగా వస్తాయి. గులాబీని మాత్రం ఎండబెట్టకూడదు. ఎండిన, సన్నటి కొమ్మలు ఇప్పుడే తీసేసి కాస్త ఎరువు వేస్తే నెలన్నరలో పూలు. అంటే సంక్రాంతికి రెడీ!

కుండీల సంగతి వేరే. కుండీలో మట్టి తక్కువ, కాబట్టి నీళ్లు కావాల్సిందే. కాకపోతే రోజూ అలవాటుగా పోయకుండా వేలు పెట్టి చూసి, పైన అంగుళం మట్టి పొడిగా ఉంటేనే పోయండి. కుండీల కింద ప్లేట్లలో నిలిచిన నీళ్లు వారానికోసారైనా పారబోయండి. డెంగీ దోమ గుడ్డు నుంచి బయటికి రావడానికి వారం, పది రోజులు చాలు.

లాన్ పసుపు పచ్చగా మారిందా?

ఇంటి ముందు గడ్డి వేసుకున్నవాళ్లకు ఈ నెలల్లో వచ్చే కంగారు ఇది. మన దగ్గర లాన్లలో వేసే గడ్డి రకాలు ఎక్కువగా వేడిని ఇష్టపడేవే. గరిక కూడా అంతే. చలి పెరిగితే ఎదుగుదల తగ్గిస్తాయి, రంగు కాస్త వెలిసినట్టు అవుతుంది. ఆదిలాబాద్ లాంటి చోట, రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందకు పడినప్పుడు, ఇంకా ఎక్కువ తెలుస్తుంది. గడ్డి చచ్చిపోలేదు, నిద్రపోతోంది అంతే. పచ్చబడాలని యూరియా చల్లి, సాయంత్రాలు నీళ్లు కొడితే జరిగేది రివర్స్. రాత్రంతా తడి, దానికి తోడు మంచు.. గుండ్రటి మచ్చలుగా బూజు తెగుళ్లు పట్టేస్తాయి. నీళ్లు పొద్దున పూటే పెట్టాలి, రెండు మూడు రోజులకోసారి చాలు. గడ్డి కోసేటప్పుడు ఎత్తులో మూడో వంతుకు మించి తీయొద్దు. ఎరువు ఫిబ్రవరిలో చూసుకోవచ్చు.

ఇప్పుడు తప్పకుండా చేయాల్సింది తుంగ తీయడం. వాన తడి ఇంకా ఉండగానే చిన్న గునపంతో గడ్డతో సహా పెకలించాలి. పైపైన పీకితే వారంలో మళ్లీ వస్తుంది, ఇది అందరికీ అనుభవమే.

ఇంకో విషయం చాలామంది గమనించరు. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి వెళ్తాడు కాబట్టి ఇంటికి ఉత్తరం వైపున్న లాన్, కుండీలు నెలల తరబడి నీడలో పడిపోతాయి. కుండీలైతే దక్షిణం వైపు మార్చుకోవచ్చు. లాన్‌ను మార్చలేం కదా, అక్కడ నీళ్లు ఇంకా తగ్గించాలి.

చామంతి పూయడం లేదా? లైట్ ఆర్పి చూడండి

చామంతి రాత్రి పెద్దదైతేనే మొగ్గ వేసే మొక్క. అందుకే సరిగ్గా ఈ కాలంలో పూస్తుంది. వరండాలో తెల్లవార్లూ ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే, లేదా వీధి దీపం నేరుగా మీద పడుతుంటే దానికి రాత్రి ఇంకా పెద్దది కాలేదన్నమాట! ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది. కుండీని చీకటి ఉండే వైపు జరిపితే సరి. పాదు చిక్కుడు కూడా పగలు తగ్గినప్పుడే పూతకొచ్చే రకం. దాని మీద ఈ కాలంలో పేనుబంక తప్పదు. లీటరు నీటికి 5 ఎంఎల్ వేప నూనె, నాలుగు చుక్కల లిక్విడ్ సోప్ కలిపి సాయంత్రం ఆకుల అడుగున కూడా తగిలేలా కొట్టండి. మందారానికి పట్టే పిండినల్లికీ ఇదే.

తులసి విషయంలో కార్తీకంలో ఒక చిన్న జాగ్రత్త. దీపాలు కోటలో మొదలు దగ్గర పెడితే వేడి, కారిన నూనె మట్టిలోకి చేరి వేళ్లు పాడవుతాయి. దీపం గట్టు మీదో, కింద పళ్లెంలోనో పెట్టుకోండి. గింజ కంకులు తుంచేస్తూ ఉంటే కొత్త ఆకు వస్తుంది.

విత్తనాలకు ఇదే మంచి సీజన్. పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్ ఇప్పుడు వేసుకోవచ్చు. ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి చల్లాలి. క్యారెట్, ముల్లంగి వేసిన చోటే పెరగాలి, నారు తీసి నాటితే దుంప వంకర్లు పోతుంది. దేనికీ ఓపిక లేనివాళ్లు మెంతితో మొదలుపెట్టండి, నెల లోపే కూర చేసుకోవచ్చు.

ఇక చెత్త. మన చెట్లు ఎక్కువగా ఆకు రాల్చేది శిశిరంలో, అంటే ఇంకా టైముంది. బాదం లాంటివి మాత్రం త్వరలోనే మొదలుపెడతాయి. ఊడ్చి గేటు బయట తగలబెట్టడం అలవాటైపోయింది కానీ, రోడ్ల మీద, బహిరంగ ప్రదేశాల్లో చెత్త కాల్చకూడదని, తోట చెత్తను విడిగా పెట్టాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే ఉంది. పైగా చలికాలం పొగ పైకి పోదు, అక్కడక్కడే తిరుగుతుంది. పక్కింట్లో ఉబ్బసం ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు ఆ రోజు నరకమే. ఒక పాత డ్రమ్ముకు అడుగున, పక్కల రంధ్రాలు పెట్టి, ఆకులు ఒక వరుస, మట్టి ఒక వరుస వేసి, పుల్ల మజ్జిగ చిలకరించి, తడి ఆరకుండా చూసుకుంటే తొలకరి నాటికి నల్లటి ఆకు ఎరువు తయారవుతుంది. మా ఇంట్లో వాషింగ్ మెషిన్ గొట్టాన్ని మామిడి దగ్గర నుంచి ఎలాగూ తీసేశాం, ఆ పాదు పక్కనే డ్రమ్ము పెట్టాం.