ఆశక్క ఫోనుకు సుగ్గి తెలియదు

జనవరి వచ్చిందంటే ఆలూరు మండలంలో ఏ మాదిగ గేరికి పోయినా తాళం వేసిన తలుపులు వరసగా కనబడతాయి. పత్తి తీతలు అయిపోయి, శనగ కోతలు కూడా ముగింపుకు వచ్చాక ఊళ్లో కూలి దొరకదు. మేస్త్రి ముందుగా డబ్బిస్తాడు, బండి మాట్లాడతాడు. బియ్యం మూట, వంట గిన్నెలు, చంటిపిల్లలతో సహా కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయ కోతలకు పోతాయి. దీన్ని ఇక్కడ సుగ్గి అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే కాలం, సంబరం. అదే మాట సరిహద్దు దాటి ఈ నల్లరేగడి నేలకు వచ్చేసరికి ఊరు విడిచిపోవడానికి పేరైంది.

అలా తాళం పడిన ఒక ఇంటి ముందు నిలబడి ఆశా కార్యకర్త ఒకామె మాకు తన ఫోను చూపించారు. ఆ ఇంటి కోడలు ఏడు నెలల గర్భిణి. "పోయిన వారమే గుంటూరుకు పాయ మేడం. ఫోన్లో మాత్రం ఈడే ఉండాది" అన్నారామె. ఆ కోడలి పేరు పక్కన పరీక్ష గడువు దాటిందని ఎర్రగా చూపిస్తోంది. గ్రామీణ ఆరోగ్య సేవల మీద పీహెచ్‌డీ పని కోసం ఊళ్లు తిరుగుతున్న మేము ఆ ఎర్ర గుర్తు దగ్గరే ఆగిపోయాం. అది ఎవరి తప్పును చూపిస్తోంది?

ముందు ఈ యాప్‌లు ఏం చేస్తాయో చెప్పుకోవాలి. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ఏఎన్‌ఎంల కోసం 'అన్మోల్' యాప్ తెచ్చినప్పుడు దాన్ని దేశంలో మొదట అమలు చేసింది ఆంధ్రప్రదేశ్‌లోనే. అప్పటిదాకా వాళ్లు లావుపాటి రిజిస్టర్లు మోసేవాళ్లు. ట్యాబ్‌లో వివరాలు నింపితే, నెట్ లేకపోయినా అది దాచుకుంటుంది. సిగ్నల్ దొరికినప్పుడు పైకి పంపుతుంది. ఆ తర్వాత బీపీ, షుగర్ పరీక్షలకు ఒక యాప్, టీకాలకు ఒకటి, ఆరోగ్య ఖాతా నంబరుకు ఒకటి వచ్చాయి. అంగన్‌వాడీ టీచర్లకు 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చింది. పేర్లు మారుతుంటాయి గానీ అన్నింటి పనీ ఒక్కటే: ఎవరికి ఎప్పుడు ఏ సేవ అందాలో లెక్కకట్టడం, అందిందో లేదో పైకి చెప్పడం.

ఇందులో మొదటి సగం నిజంగా మేలు చేసేదే. చివరి బహిష్టు తేదీ వేస్తే కాన్పు తేదీని యాప్ చెబుతుంది. 12 వారాల్లోపు నమోదు, కాన్పులోగా కనీసం నాలుగు పరీక్షలు ఎప్పుడెప్పుడో చూపిస్తుంది. హిమోగ్లోబిన్ 7 గ్రాములకు తక్కువుంటే ప్రమాదమని గుర్తు పెడుతుంది. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది కాబట్టి ఇది చిన్న సాయం కాదు. ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి పోయి బిడ్డను చూడాలి. దాదాపు వెయ్యి మంది జనాభాకు ఒక్కరే ఉన్నప్పుడు ఇన్ని తేదీలు తలలో పెట్టుకోవడం కష్టం. "కాగితం పోతాది, ఫోను గుర్తుసేస్తాది" అని ఆమే మాతో అన్నారు. యాప్‌లంటేనే కోపం ఉన్నవాళ్లు ఈ మాట కూడా వినాలి.

చిక్కంతా రెండో సగంలో ఉంది. పైకి చెప్పడంలో.

ఈ లెక్కలన్నీ మనిషి ఒక ఊళ్లో, ఒక ఇంట్లో, ఒక ఫోను నంబరుతో ఏడాదంతా ఉంటుందని నమ్ముతాయి. పొలం ఉన్న ఇంటికి అది సరిపోతుంది. భూమి లేని మాదిగ ఇంటికి సరిపోదు. ఆరు నెలల కడుపుతో ఆలూరులో ఉన్న మనిషి ఏడో నెలకు రెండు మూడు జిల్లాల అవతల, చేను గట్టున గుడారంలో ఉంటుంది. అక్కడి ఆశా కార్యకర్త జాబితాలో ఆమె పేరు లేదు. ఇక్కడి జాబితాలో పేరుంది, మనిషి లేదు. రెండు జాబితాల మధ్య జారిపోయేది సరిగ్గా ఎక్కువ ప్రమాదంలో ఉన్న గర్భిణే. సమీక్ష సమావేశంలో మాత్రం "నీ ఊళ్లో ఇన్ని పెండింగ్ ఎందుకున్నాయి?" అని నిలదీసేది ఆశక్కనే.

తరువాతిది ఓటీపీ. ఆధార్‌తో ఆరోగ్య ఖాతా తెరవాలంటే ఆధార్‌కు జోడించిన నంబరుకు సంఖ్య వస్తుంది. చాలా ఇళ్లలో ఆ నంబరు భర్తదో మామదో. అతను బెంగుళూరులో సెంట్రింగు పనిలోనో మిరప చేలోనో ఉంటాడు. అదే సర్వేలో మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్లు 21 శాతమే, మగవాళ్లు 48.8 శాతం. 2025 జులై 1 నుంచి అంగన్‌వాడీలో ఇంటికిచ్చే పోషకాహారానికి ముఖం గుర్తింపు తప్పనిసరి చేశారు. ముఖం సరిపోలాలి, అంతకుముందు ఆధార్ ధ్రువీకరణ కావాలి. ఎండలో ఎండి, నెలల్లో చిక్కిపోయే ముఖాలవి. ఇక్కడ యాప్ గుర్తుచేసే పనిముట్టుగా ఆగలేదు, గేటు దగ్గర కాపలావాడైంది.

ఇంకొక సంగతి ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ కనబడదు. దళిత ఆశా కార్యకర్త ఊళ్లోని పెద్దిళ్లకు పోయి పసిబిడ్డను చేతుల్లోకి తీసుకొని తూచాలి, జ్వరం చూడాలి. యాప్ బరువు ఎంతో అడుగుతుంది, ఉష్ణోగ్రత ఎంతో అడుగుతుంది. ఏ గడప దాకా రానిచ్చారో అడగదు. బిడ్డను వాళ్లే తూచి అంకె బయటికి చెప్పిన సందర్భాలు ఉన్నాయని ఒకరిద్దరు మాతో చెప్పారు. అంకె వచ్చింది కాబట్టి ఫోనులో ఆ గడి పచ్చగా మారుతుంది. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో 1970లో ఆరోలే దంపతులు మొదలుపెట్టిన గ్రామ ఆరోగ్య కార్యక్రమం గురించి చదివినవాళ్లకు ఇది వెంటనే తడుతుంది. అక్కడ చదువురాని దళిత స్త్రీలను కూడా ఆరోగ్య కార్యకర్తలుగా తయారుచేశారు. కులాన్ని పనిలో భాగంగానే చూశారు, అన్ని కులాలవాళ్లనూ పక్కపక్కన కూర్చోబెట్టి నేర్పించారు. ఫోను లేని ఆ కాలంలో కార్యకర్త వెనుక డాక్టరు, నర్సు నిలబడ్డారు. సాయం అంటే అది.

ఫోనుతో కూడా అలా నిలబడవచ్చు. గుజరాత్‌లోని ఝగడియా ప్రాంతంలో సేవా రూరల్ సంస్థ ఆశా కార్యకర్తల కోసం 'ఇమ్‌టెకో' అనే యాప్‌ను తయారుచేసింది. అది ఆ రోజు పోవాల్సిన ఇళ్ల జాబితా ఇస్తుంది. ప్రమాదంలో ఉన్న గర్భిణి సంగతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలుస్తుంది, అక్కడి సిబ్బంది స్పందించాలి. గిరిజన ఊళ్లలో దీన్ని శాస్త్రీయంగా పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించారు. ఆశాలు ఇళ్లకు పోయి చూడడం మెరుగుపడింది. మాకు ఇందులో ముఖ్యంగా తోచింది ఒకటే. అక్కడ ఎర్ర గుర్తు పైవాళ్లను కూడా పనిలోకి దింపింది.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న అనుభవాలూ ఉన్నాయి. 2021లో మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు నాసిరకం ఫోన్లను వేల సంఖ్యలో ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేశారు. యాప్ ఇంగ్లీషులో ఉండడం కూడా వాళ్ల కోపానికి ఒక కారణం. అదే ఏడాది హర్యానాలో ఆశా కార్యకర్తలు తమ ఫోన్ల మీద నిఘా పెట్టే యాప్‌ను ఒప్పుకోలేదు. మన రాష్ట్రంలో ఆశాల గౌరవ వేతనం 2019 నుంచి 10 వేల రూపాయలు. కాగితం మీద వాళ్లు ఉద్యోగులు కారు, స్వచ్ఛంద కార్యకర్తలు. ఉద్యోగి అని ఒప్పుకోని మనిషి మీద ఉద్యోగికి మించిన నిఘా ఏమిటన్న వాళ్ల ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

సుగ్గి సమస్యకు సాంకేతికంగా దారి లేకపోలేదు. గర్భిణికి ఇచ్చే ఆర్‌సీహెచ్ నంబరు దేశమంతటికీ చెల్లేదే. 2024లో దేశమంతా మొదలైన యూ-విన్ వేదికతో ఎక్కడ టీకా వేసినా నమోదు చేయవచ్చు. టీకాకు చేయగలిగింది గర్భిణి పరీక్షలకు ఎందుకు చేయకూడదు? డిసెంబరులో ఆలూరు, ఆస్పరి, హొళగుంద, కోసిగి, కౌతాళం మండలాల నుంచి పోయేవాళ్ల జాబితా గుంటూరు, పల్నాడు ఆరోగ్య కేంద్రాలకు చేరాలి. వలస పోయారని నమోదు చేస్తే ఇక్కడి ఆశా మీద పెండింగ్ పడకూడదు. ఓటీపీ రాలేదని ఎవరికీ పరీక్ష గానీ గుడ్డు గానీ ఆపకూడదు. ఇంకొకటి: గర్భిణి నమోదులో ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అన్న గడి ఉంది. ప్రతి ఊళ్లోనూ దాన్ని నింపిస్తున్నారు. నింపించుకున్నవాళ్లు పరీక్షలు తప్పిన గర్భిణుల్లో ఎస్సీలు ఎందరో మండలాలవారీగా, పేర్లు లేకుండా, బయటపెట్టాలి. మన దగ్గర తీసుకున్న లెక్క మనకు చూపించమని అడగడమే ఇది.

ఇంతకీ ఆ ఏడు నెలల గర్భిణి సంగతి. ఆశక్క మేస్త్రికి ఫోను చేసి ఏ ఊరి చేలో ఉన్నారో కనుక్కున్నారు. ఆ ఊరి ఆశా నంబరు సంపాదించడానికి నాలుగు రోజులు పట్టింది. తల్లీబిడ్డల కార్డు ఫొటో వాట్సాప్‌లో పంపారు. అక్కడామె మంచి మనిషి, సాయంత్రం గుడారాలకు పోయి చూసి, మరుసటి రోజు కోడలిని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లారు. రక్తం తక్కువుందని ఐరన్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఇదంతా ఆశక్క సొంత రీచార్జితో, ఏ యాప్‌లోనూ లేని దారిలో జరిగింది. ఫోనులో ఆ పేరు పక్కన ఎర్ర గుర్తు అలాగే ఉంది.

మేము బయలుదేరేటప్పుడు ఆమె తన నోటుపుస్తకం తెరిచి చూపించారు. స్కేలు పెట్టి గీసిన గడులు. పేరు, నెల, రక్తం, గడువు. చివర్లో ఈ ఏడాది కొత్తగా గీసుకున్న గడి ఒకటి ఉంది. దాని పైన "మేస్త్రి నెంబరు" అని రాసి ఉంది. అప్పటికే పదకొండు నంబర్లు నిండాయి.