కాలువ కట్ట మీద సైకిల్: ఫోన్ హ్యాండిల్‌కా, జేబులోకా?

తెనాలి నుంచి బాపట్ల జిల్లా రేపల్లె వైపు కాలువ కట్ట ఎక్కితే రోడ్ సైకిల్ సన్న టైర్లు చేతులెత్తేస్తాయి. ఇక్కడ కావాల్సింది గ్రావెల్ బైక్. రోడ్ సైకిల్‌లాంటి వంపు హ్యాండిల్, 40 ఎంఎం దరిదాపు టైర్లు. గాలి కాస్త తగ్గిస్తే చిన్న గతుకుల్ని టైరే మింగేస్తుంది.

మరి ఫోన్? అందరిలాగే నేనూ హ్యాండిల్‌కే బిగించా. కొన్నాళ్లకి కెమెరా ఓపెన్ చేస్తే ప్రివ్యూ వణకడం మొదలైంది. ఓఐఎస్ ఉన్న కెమెరాలో లెన్స్‌ని అయస్కాంతాలే కదిలిస్తూ నిలకడగా ఉంచుతాయి. ఎడతెగని కుదుపు దానికి పడదు. మోటార్‌సైకిల్ ఇంజిన్ల వైబ్రేషన్‌తో కెమెరా దెబ్బతినొచ్చని యాపిల్ 2021లోనే హెచ్చరించింది. సైకిల్‌కి ఇంజిన్ లేదు, కానీ కట్ట మీద కుదుపేం తక్కువ కాదు.

అందుకే ఇప్పుడు ఫోన్ జెర్సీ వెనక జేబులో. ఆఫ్‌లైన్ మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుంటా. ట్రాక్ రికార్డింగ్ ఆన్, స్క్రీన్ ఆఫ్. ఎండలో ఫుల్ బ్రైట్‌నెస్ పెడితే జీపీఎస్ కన్నా స్క్రీనే బ్యాటరీ ఎక్కువ తినేస్తుంది. ఇక దారంటారా, కాలువే చూపిస్తుంది. నీళ్లు పోయేది సముద్రం వైపే కదా!

రెండు జాగ్రత్తలు. వాన పడిన మర్నాడు వెళ్లొద్దు. నల్లమట్టి ముద్దలు పట్టి చక్రమే తిరగదు. రేపల్లె దాటి కృష్ణా అభయారణ్యం మడ అడవుల్లోకి వెళ్లాలంటే ముందే అటవీశాఖ అనుమతి తీసుకోండి. అది బావురు పిల్లుల ఇల్లు. మ్యాప్‌లో గీత కనిపించినంత మాత్రాన అది మన ట్రాక్ అయిపోదు.