మనసు చదువుకు వారానికో పీరియడ్ చాలదు

కోపాన్ని అదుపు చేసుకోవడం, ఓటమిని తట్టుకోవడం, పక్కవారి బాధను గుర్తించడం, గొడవపడిన నేస్తంతో మళ్లీ మాట కలపడం... ఇవన్నీ నేర్చుకుంటేనే వస్తాయి. విద్యావేత్తలు దీన్ని సామాజిక, భావోద్వేగ అభ్యసనం అంటున్నారు. 1994లో అమెరికాలో మొదలైన కాసెల్ సంస్థ ఇందులో ఐదు నేర్పులను గుర్తించింది. తనను తాను తెలుసుకోవడం, తనను తాను నడుపుకోవడం, ఎదుటివారిని అర్థం చేసుకోవడం, బంధాలు నిలుపుకోవడం, బాధ్యతగా నిర్ణయం తీసుకోవడం. మన 2020 జాతీయ విద్యా విధానం కూడా వీటిని చదువులో భాగంగానే చూసింది. అయితే టైంటేబుల్‌లో వారానికో పీరియడ్ ఇరికించి చేతులు దులుపుకునే ప్రమాదం ఉంది. పిల్లల మనసును తీర్చిదిద్దేది ఆ ఒక్క గంట కాదు, బడిలో రోజంతా గడిచే తీరు.

ఈ మాటకు పుదుచ్చేరి పట్టణంలోనే ఎనభై ఏళ్లు దాటిన సాక్ష్యం ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కుటుంబాలు పిల్లలతో సహా అరవిందాశ్రమానికి చేరడంతో, ఆశ్రమాన్ని నడిపిన శ్రీమాత 1943 డిసెంబరు 2న అక్కడ బడి తెరిచారు. 1952లో విశ్వవిద్యాలయ కేంద్రంగా ఎదిగిన ఆ సంస్థకు 1959లో శ్రీ అరవిందో అంతర్జాతీయ విద్యాకేంద్రం అనే పేరు వచ్చింది. శ్రీమాత దృష్టిలో చదువు ఐదు పాళ్లు: శరీరం, ప్రాణం, మనసు, చైత్యం (అంతరంగం), ఆత్మ. ఇందులో ప్రాణం అంటే కోరికలు, ఆవేశాలు, ఉత్సాహం పుట్టే చోటు. పిల్లలు తమ కోపతాపాలను తామే గమనించి, అవి ఎందుకు పుట్టాయో తెలుసుకుని, మెల్లగా మార్చుకోవాలని ఆమె కోరారు. దీనికోసం వేరే పీరియడ్ పెట్టలేదు. అక్కడ డిగ్రీలు, డిప్లొమాలు ఇవ్వరు. పై తరగతులవారు ఏం చదవాలో, ఎంత వేగంగా చదవాలో ఉపాధ్యాయుల సాయంతో ఎంచుకుంటారు. ఆటలు, వ్యాయామం రోజువారీ చదువులో భాగం. తన పనికి తానే బాధ్యుడు కావడం, ఓడినా మర్నాడు మళ్లీ మైదానంలోకి దిగడం అలా అలవాటవుతాయి.

పరిశోధనలూ ఇదే దారి చూపుతున్నాయి. 2011లో జోసెఫ్ డర్లాక్ బృందం 213 కార్యక్రమాలను, వాటిలో పాల్గొన్న 2,70,034 మంది విద్యార్థులను పరిశీలించింది. ప్రవర్తన మెరుగుపడటమే కాదు, సగటు విద్యార్థి చదువులో నూరుమందిలో మరో పదకొండుమందిని దాటినంత లాభం కనిపించింది. అయితే చదువులో ఈ లాభం బడి సిబ్బందే స్వయంగా నేర్పినచోటే గట్టిగా తేలింది. 2022లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం దీనికి మరో వైపు చూపింది. 85 బడులను ఎంచుకుని, వాటిలో దాదాపు సగం బడుల్లో పిల్లలకు ధ్యాన పాఠాలు చెప్పి చూస్తే, మిగతా బడులకన్నా మానసిక ఆరోగ్యం మెరుగుపడలేదు. పాఠం మాత్రమే మోసుకొస్తే మనసు మారదన్నమాట.

ఆశ్రమ బడి వేరు, సర్కారు బడి వేరు అనవచ్చు. నిజమే. డిగ్రీలు వదులుకోవడం అందరికీ సాధ్యం కాదు, అవసరమూ లేదు. పుదుచ్చేరి పాలనలోనే ఉన్న తెలుగు ఊరు యానాంలో పిల్లలు పోటీ పరీక్షలకు కూర్చోవలసిందే. కానీ మార్కులు తరగతి ముందు బిగ్గరగా చదవకుండా ఉండటానికి, సిలబస్ పేరుతో ఆటల పీరియడ్‌ను మింగేయకుండా ఉండటానికి అదనపు నిధులు అక్కర్లేదు. సంస్కారం నేర్పడం ఇంటి పని అనేవారూ ఉన్నారు. ఇల్లు తొలి బడే, సందేహం లేదు. అయినా మనకంటే భిన్నమైన నలభైమందితో సర్దుకుపోవడం ఇంట్లో నేర్చుకోలేం. ఇక టీచర్లమీద మరో బరువా అన్న ప్రశ్న న్యాయమైనదే. అందుకే వారికి శిక్షణ, తీరిక, ప్రతి బడికీ అందుబాటులో ఒక కౌన్సెలర్ కావాలి. వారికి దక్కని ఓర్పు పిల్లలకు ఎలా అందుతుంది?

ప్రభుత్వం 2022 అక్టోబరులో టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి 14416ను తెచ్చింది. అది ఆపదలో ఆదుకునే ఏర్పాటు. ఆపద దాకా రానివ్వకుండా చూసుకోవలసింది బడి. కాబట్టి తల్లిదండ్రులు బడిలో ఉత్తీర్ణతా శాతంతోపాటు మరో సంగతీ అడగాలి: ఇక్కడ పరీక్ష తప్పిన పిల్లను, తడబడిన పిల్లవాణ్ని ఎలా చూస్తారు, కష్టం వస్తే వారు ఏ టీచరు దగ్గరికి వెళ్లగలరు? దీనికి స్పష్టమైన జవాబు ఉన్న బడే పిల్లల మనసుకూ చదువు చెబుతోంది.