నకలుపై గీత ఎక్కడిది?

నకలు తీయించుట నేడు చిన్నపిల్లలకు కూడ తెలిసిన పని. మార్కుల మెమో, కుల ధ్రువపత్రము, పట్టాదారు పాసు పుస్తకము - ఏ దరఖాస్తునకైనను వీని నకళ్లు జతపరచక తప్పదు. 'జిరాక్సు' అనునది ఒక కంపెనీ పేరని కూడ మనలో పలువురు మరచిపోయిరి. మూత తెరచి, కాగితము బోర్లించి, ఆకుపచ్చ మీట నొక్కినంతనే నకలు వెలుపలికి వచ్చును. వచ్చిన నకలును అసలుతో సరిచూచుకొనువారు ఎందరు?

మా కళాశాలలో ఒక విద్యార్థిని ఉపకారవేతనపు దరఖాస్తు రెండు మారులు తిరిగి వచ్చినది. ఆమె వ్రాసిన హాల్ టిక్కెట్టు సంఖ్యకును, జతపరచిన మెమో నకలులోని సంఖ్యకును పొంతన లేదని కారణము చూపిరి. అసలు మెమో చూచితిమి. అందు 8 ఉన్నది. నకలు చూచితిమి; అందు 3 ఉన్నది. గడువు నాలుగు రోజులలో ముగియనున్నది. ఆ అమ్మాయి తండ్రి పని మానుకొని వచ్చి ఆఫీసు వరండాలో కూర్చుండెను. భూతద్దము పెట్టి పరిశీలింపగా 8 అంకెకు ఎడమవైపు వంపులు రెండును తుడిచివేసినట్లు మాయమై యున్నవి. అదే నిట్టనిలువు వరుసలో క్రింద నున్న అక్షరములలో కూడ తెల్లని కోత కనబడినది. అచ్చు లేని చోట ఆ కోత కనబడదు. తెల్లని కాగితముపై తెల్లగీత ఎవరి కంటికి ఆనును?

అటెండరును అడుగగా, "రోజూ పొద్దున్నే అద్దం తుడుస్తూనే ఉన్నాను సార్" అని కొంత నొచ్చుకొనెను. అతడు చెప్పినది నిజమే. పెద్ద అద్దము నిర్మలముగా ఉన్నది. కాని ఆ యంత్రమునకు అద్దములు రెండని అతనికి ఎవ్వరును చెప్పలేదు. భౌతికశాస్త్రము బోధించు నాకును అంతవరకు ఆ సంగతి తట్టలేదు.

నకలు యంత్రమునకు మూలపురుషుడు అమెరికా దేశస్థుడైన చెస్టర్ కార్ల్‌సన్. 1938 అక్టోబరు 22న న్యూయార్కు నగరములోని అస్టోరియా ప్రాంతమున, గంధకము పూసిన జింకు పలకపై ఆయన తన తొలి నకలును తీసెను. 1959లో 'జిరాక్సు 914' విపణికి వచ్చిన తరువాత ఈ పద్ధతి ప్రపంచమంతట వ్యాపించినది. ఆ కాలపు యంత్రములలో కాగితముపై పడి తిరిగివచ్చిన వెలుతురు కటకముగుండ నేరుగా లోపలి డోలుపై పడెడిది. నేటి యంత్రములో అట్లు కాదు. అది నిజమునకు రెండు యంత్రముల జోడు. పైన నున్నది చూచు యంత్రము, అనగా స్కానరు. క్రింద నున్నది అచ్చువేయు యంత్రము. పైది తాను చూచినదానిని అంకెలుగా మార్చి క్రిందిదానికి అందించును. ఈ విభజన జ్ఞాపకముంచుకొన్నచో లోపమును వెదకుట సగము పూర్తియైనట్లే.

స్కానరు కాగితమునంతను ఒక్కసారిగ చూడదు. సన్నని దీపము ఒకటి కాగితముపై అడ్డముగా ఒక వరుసను వెలిగించును. అచట పరావర్తనము చెందిన కాంతి అద్దములపై పడి, కటకముగుండ పోయి, వేలకొలది కాంతి గ్రాహకములు గల చిన్న పట్టీపై చేరును. ఈ పట్టీ చాల యంత్రములలో సీసీడీ అనబడు జాతికి చెందినది. దానిని 1969లో బెల్ ప్రయోగశాలలలో విల్లర్డ్ బాయిల్, జార్జి స్మిత్ అనువారు రూపొందించిరి. అందులకు వారికి 2009లో నోబెల్ బహుమానము లభించినది. ఒక వరుస చూచిన పిమ్మట దీపము రవ్వంత జరిగి మరియొక వరుసను వెలిగించును. ఇట్లు వేలకొలది వరుసలు పేర్చగా ఒక పుట అగును.

ఆ వరుసలు ఎంత సన్ననివో లెక్కింతము. అంగుళమునకు 600 బిందువుల చొప్పున చూచు యంత్రములో ఒక్కొక్క బిందువు వెడల్పు సుమారు 0.042 మిల్లీమీటరు. ఏ-4 కాగితము పొడవు 297 మిల్లీమీటర్లు గనుక నిలువున 7,016 వరుసలు వచ్చును. ఇప్పుడు అర మిల్లీమీటరు మచ్చ ఒకటి పెద్ద అద్దముపై ఉన్నదనుకొందము. దీపము దాని క్రిందుగ ఒక్కసారి పోవును. మచ్చ 12 వరుసలలో మాత్రమే కనబడి నకలుపై చుక్కగా మిగులును. చదువువాడు దానిని మురికి యని గుర్తించి పోనిచ్చును.

కట్టలు కట్టలుగ కాగితములు పెట్టినపుడు జరుగునది వేరు. యంత్రపు మూతలోని రబ్బరు చక్రములు కాగితములను ఒక్కొక్కటిగ లాగుకొనును. ఈ భాగమును ఫీడరు అందురు. అప్పుడు దీపము కదలదు. అది పెద్ద అద్దమునకు ఒక అంచున నున్న సన్నని అద్దపు పట్టీ క్రింద నిలిచి యుండును. కాగితమే దాని మీదుగ పరుగెత్తును. ఆ పట్టీ వెడల్పు ఒకటి రెండు వ్రేళ్లకు మించదు. దానిపై అదే అర మిల్లీమీటరు మచ్చ ఉన్నచో స్కానరు 7,016 మారులు ఆ మచ్చనే చూచును. చుక్క కావలసినది పుట పైనుండి క్రిందివరకు గీత యగును. ఒకే మచ్చ సుమారు 585 రెట్ల చెరుపు చేయుచున్నదన్నమాట. మా అటెండరు రోజూ తుడిచినది పెద్ద అద్దమును. మచ్చ ఉన్నది ఈ చిన్నదానిపై.

మచ్చ నల్లనిదైనచో గీత నల్లగ పడును. దానిని ఎవరైనను గుర్తింతురు. తెల్లనిదైనచో కాంతిని తిరిగి గ్రాహకమునకే పంపును గనుక, తెల్లని చోటులలో దాగి, నల్లని అక్షరముల మీద మాత్రమే కోతగా బయటపడును. అక్షరదోషములను కప్పుటకు వాడు వైట్‌నరు పూర్తిగ ఆరకమునుపే కాగితమును ఫీడరులో పెట్టుట దీనికి సామాన్య కారణము. మా కళాశాలలో జరిగినది అదే. అంకె గీత మందము అర మిల్లీమీటరుకు తక్కువే గనుక 8 కాస్త 3 అయినది. రంగుల స్కానరులలో ఇంకొక వింత కలదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలము చూచు గ్రాహకములు వేరువేరు వరుసలుగా ఉండును. నల్లని ధూళికణము ఎరుపు వరుస దృష్టికి మాత్రమే అడ్డు నిలిచినచో మిగిలిన రెండు రంగులు కలిసి నీలిపచ్చ గీతను చూపును. రంగుగీత కనబడినంతనే రంగు పొడి డబ్బా మార్చువారు ఉన్నారు. ఆ ఖర్చు వృథా.

కనుక ఏది చేయుటకు ముందైనను దోషము పై యంత్రమునదా, క్రింది యంత్రమునదా తేల్చుకొనవలెను. కంప్యూటరునుండి ఒక పుటను నేరుగ అచ్చువేయింపుడు. గీత అందులోను పడినచో స్కానరు నిర్దోషి. డోలునో, పొడి డబ్బానో చూపించుకొనవలెను. అచ్చు శుభ్రముగ వచ్చి, నకలు మాత్రమే చెడినచో స్కానరును అనుమానింపవచ్చును. అప్పుడు ఒకే కాగితమును ఒకమారు పెద్ద అద్దముపై బోర్లించి, మరియొకమారు ఫీడరుగుండ పంపి నకళ్లు తీయవలెను. ఫీడరు నకలులో మాత్రమే గీత ఉన్నచో చిన్న పట్టీ కారణము. పెద్ద అద్దపు నకలులో చుక్కలు ఉన్నచో ఆ అద్దమునో, మూతకు లోపలనున్న తెల్లని మెత్తనో తుడువవలెను. రెండింటిలోను గీత ఒకే తీరున పడినచో మచ్చ లోపలి దర్పణముపై గాని, గ్రాహకముపై గాని ఉండవచ్చును. యంత్రము తన చూపును సరిచేసికొనుటకు అద్దపు అంచు క్రింద ఒక తెల్లని పట్టీని చూచుచుండును. ఆ పట్టీపై మురికి చేరినను, యంత్రము అచట వెలుతురు తగ్గినదని భ్రమించి, ఆ వరుసనంతను అనవసరముగ తెల్లబరచును. ఇవి మెకానిక్కు పనులు. కాగితముల రెండు వైపులను ఒకేసారి చూచు యంత్రములలో వెనుకవైపు కొరకు మరియొక గ్రాహకము ఫీడరులోనే ఉండును. వెనుక పుటలలో మాత్రమే గీత పడుచున్నచో అచట వెదకవలెను.

మచ్చను కంటితో పట్టుట అంత సులభము కాదు. నకలు అంచునుండి గీత ఎంత దూరమున ఉన్నదో స్కేలుతో కొలిచి, చిన్న పట్టీపై అంత దూరమునే చూడవలెను. ప్రతిబింబము తారుమారు కావచ్చును గనుక రెండు కొసలనుండియు కొలుచుట మంచిది. టార్చిలైటును ఏటవాలుగ పట్టినచో నిటారుగ చూచినపుడు కనబడని మరక మెరయును. గోటితో మెల్లగ తడిమినను తెలియును.

తుడుచుట యందు తొందర పనికిరాదు. యంత్రము ఆపి, ప్లగ్గు తీసివేయవలెను. కళ్లద్దములు తుడుచుకొను నూగులేని మెత్తని గుడ్డ చాలును. పాత తువ్వాలు వాడినచో దాని నూగే క్రొత్త మచ్చలగును. నీరు గాని, ఐసోప్రొపైల్ ఆల్కహాలు గాని గుడ్డపై కొద్దిగ వేసికొనవలెనే గాని అద్దముపై చల్లరాదు. అంచులగుండ లోపలికి దిగిన తడి దర్పణములను చెరచును. వైట్‌నరు మరకపై ఆల్కహాలు తడి గుడ్డను ఒక నిమిషము ఆనించి ఉంచిన మెత్తబడును. బ్లేడుతో గీకుట మహాపరాధము. మరక తుడిచిన పోవును, గీటు పోదు. అది శాశ్వతమైన గీతగా ప్రతి నకలుపై పడును. చేతులకు రాసుకొను శానిటైజరు ఆఫీసులలో మిగిలియున్నదని దానితో తుడుచువారిని చూచితిని. అందు సాధారణముగ గ్లిసరిను ఉండును. అది ఆరక పలుచని పొరగా నిలిచి ధూళిని మరింత పట్టుకొనును. ఫీడరు చక్రములను నీటితో తడిపి పిండిన గుడ్డతో తుడిచిన చాలును. అంతయు ఆరిన పిమ్మటనే కరెంటు ఇవ్వవలెను.

నకలంతయు పొగమంచు పట్టినట్లు పాలిపోయినచో అది వేరు కథ. వానకాలమున చల్లని ఏసీ గదిలోనికి తేమగాలి వచ్చినపుడు అద్దములపై ఆవిరి పట్టును. కొంతసేపు యంత్రమును వేడెక్కనిచ్చిన పోవచ్చును. పోనిచో లోపలి దర్పణములపై ధూళి పొర పేరుకొన్నదని అర్థము. ఆ దర్పణములకు మెరుగుపూత మన ముఖము చూచుకొను అద్దమునకు వలె వెనుక ఉండదు, ముందువైపుననే ఉండును. ఒక్కసారి గట్టిగ రుద్దిన పూత లేచిపోవును.

మురికి లేకున్నను నకలు చెడుట కలదు. పలుచని కాగితమునకు వెనుకనున్న అచ్చు ముందుకు కనబడుచున్నచో దాని వెనుక నల్లకాగితము ఉంచి నకలు తీయుడు. మూతకున్న తెల్లదనము వెలుతురును తిరిగి పంపకుండును గనుక వెనుక అక్షరములు మరుగుపడును. అంకెలు మారుటకు సైతము మురికియే అవసరము లేదు. 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ అను కంప్యూటరు శాస్త్రజ్ఞుడు, కొన్ని యంత్రములు స్కాను చేసిన పటములలో ఒక అంకెకు బదులు మరియొక అంకె వచ్చుచున్నదని బయటపెట్టెను. బొమ్మను కుదించు ప్రోగ్రాము, చూపునకు ఒకే తీరుగ ఉన్న అంకెలను ఒకటిగా భావించి ఒకదానినే అన్నిచోట్ల అతికించుటయే దానికి కారణము. అది గీత కంటె ప్రమాదకరము; చూచుటకు నకలు అతి శుభ్రముగ నుండును.

ఆ సాయంకాలమే చిన్న పట్టీ తుడిచి మెమోకు మరల నకలు తీసితిమి. 8 సరిగ వచ్చినది. గడువునకు రెండు రోజుల ముందు దరఖాస్తు చేరినది, ఈమారు తిరిగి రాలేదు. అంతకు ముందు నెలలో అదే ఫీడరుగుండ ఎన్ని కాగితములు పోయినవో అని గుమాస్తాయు నేనును ఫైళ్లు తిరుగవేయగా అదే చోట కోతపడిన నకళ్లు మరి పదకొండు దొరికినవి. ఇప్పుడు యంత్రము ప్రక్కన ఒక తెల్లకాగితము, ఒక నల్లకాగితము అట్టలో పెట్టి ఉంచితిమి. అటెండరు ఉదయము చిన్న పట్టీ తుడిచి ఆ రెండింటిని ఫీడరుగుండ పంపి కంప్యూటరు తెరపై చూచుచున్నాడు. నల్లకాగితమును నకలు తీసినచో పొడి దండిగ ఖర్చగును గనుక అచ్చు వేయడు.