750 మంది ఊరు, వేల మంది అతిథులు

ఆస్ట్రియాలోని ఆల్ప్స్ కొండల నడుమ ఉన్న హాల్‌స్టాట్‌ను చూడటానికి బస్సుల్లో వస్తున్న జనం వెతుక్కునేది నిశ్శబ్దాన్నే. దాన్ని దక్కించుకోవడమే ఇప్పుడు ఆ ఊరి తాపత్రయం

సాల్జ్‌బర్గ్‌లో ఉదయం ఫలహారం ముగించుకుని బయల్దేరిన టూరిస్టు బస్సు సుమారు గంటన్నరలో సొరంగం దాటి లాన్ అనే పేటలో ఆగుతుంది. దిగేముందు గైడు మైకులో చెప్పేవి మూడే మాటలు. బస్సును గుర్తుపెట్టుకోండి, గుంపు నుంచి విడిపోకండి, చెప్పిన టైముకు తిరిగి రండి. అక్కడి నుంచి హాల్‌స్టాట్ నడిబొడ్డుకు పది పదిహేను నిమిషాల నడక. ఒకవైపు సరస్సు, మరోవైపు నిట్టనిలువు కొండ. మధ్యనున్న కాస్త జాగాలో ఒకదాని భుజం మీదకు మరొకటి ఎక్కినట్టు చెక్క ఇళ్లు, కిటికీల్లో పూలకుండీలు, నీటి ఒడ్డున సన్నటి చర్చి శిఖరం.

క్యాలెండర్ల మీద, సెల్‌ఫోన్ తెరల మీద అందరూ చూసిన బొమ్మే ఇది. ఆ ఫొటో తీసే చోటు మాత్రం ఊరికి ఉత్తరం కొసన ఉంది. బస్సులు ఆగేది దక్షిణం కొసన. దాంతో వచ్చినవారంతా ఆ ఇరుకు వీధిలో ఊరంతా దాటుకుంటూ వెళ్తారు, ఫొటో దిగుతారు, దారిలో ఓ ఐస్‌క్రీం కొనుక్కుని వెనక్కి వస్తారు. చాలా మందికి హాల్‌స్టాట్ అంటే ఇంతే. కొన్ని భారతీయ ట్రావెల్ సంస్థల యూరప్ ప్యాకేజీల్లోనూ ఈ ఊరికి దక్కేది ఒక పూటే.

ఉప్పు పెట్టిన బతుకు

నిజానికి ఇది చిత్రపటం కోసం కట్టిన ఊరు కాదు. దీన్ని పుట్టించింది ఉప్పు. ఊరి పైనున్న కొండలో మనిషి ఉప్పు తవ్వడం మొదలుపెట్టి సుమారు 7,000 ఏళ్లయిందని పురావస్తు శాస్త్రవేత్తల అంచనా. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దంలో గని కార్మికులు వాడిన చెక్క మెట్లు ఆ ఉప్పులోనే చెడిపోకుండా బయటపడ్డాయి. 1846లో గని అధికారి యోహాన్ గేయోర్గ్ రామ్‌సావర్‌కు కొండ మీద పాతకాలపు శ్మశానం కనిపించింది. ఆయన 1863 వరకు తవ్వించి 900 పైచిలుకు సమాధులను వెలికితీశారు. యూరప్ తొలి ఇనుప యుగానికి చరిత్రకారులు ఈ ఊరి పేరే పెట్టారు.

ఇంత చరిత్ర ఉన్నా ఊరికి దారి మాత్రం ఉండేది కాదు. 1877లో రైలు వచ్చినా స్టేషన్ సరస్సుకు అవతలి ఒడ్డున వెలిసింది. రైలు దిగినవారిని పడవ ఇవతలికి చేర్చేది. ఇప్పటికీ చేరుస్తోంది. కొండ అంచును పేల్చి రోడ్డు వేసింది 1890లో. అంతకు ముందు ఇక్కడికి రావాలంటే పడవ ఎక్కాలి, లేదా కొండదారి పట్టాలి.

స్థలం ఎంత కరువో తెలియాలంటే కేథలిక్ చర్చి పక్కనున్న చిన్న గదిలోకి తొంగిచూడాలి. శ్మశానంలో కొత్తవారికి చోటు చాలక పాత సమాధులను తవ్వి, ఎముకలను తీసి భద్రపరిచేవారు. పుర్రెలను ఎండలో ఆరబెట్టి, వాటి మీద పూలు, ఆకులు, పోయినవారి పేర్లు రంగులతో రాసేవారు. అలా రంగులద్దిన పుర్రెలు 600కు పైనే ఉన్నాయి. చనిపోయినవారికే చోటు సరిపోని ఊరు ఇది. అలాంటి చోటికి బస్సులు వరస కట్టాయి.

బస్సుల పోటు

హాల్‌స్టాట్, దాని చుట్టుపక్కల ప్రాంతం 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. 2006లో ఓ దక్షిణ కొరియా టీవీ సీరియల్‌లో కనిపించింది. 2012లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఓ సంస్థ ఏకంగా ఈ ఊరికి నకలు కట్టేసింది. తమ ఊరిని కాపీ కొడుతున్నారని తెలిసి మొదట నివ్వెరపోయినా, చివరికి ప్రారంభోత్సవానికి హాల్‌స్టాట్ మేయరే వెళ్లివచ్చారు. నకలును చూసినవారు అసలును చూడాలనుకోవడం సహజం. దాంతో ఊరి పేరు మరింత మార్మోగింది.

ఫలితం ఊహించిందే. కోవిడ్‌కు ముందు రద్దీ రోజుల్లో 10,000 మంది దాకా వచ్చేవారు. ఊళ్లో కాపురముండేది మాత్రం సుమారు 750 మంది. ఒక్కో ఇంటి గుమ్మం ముందు పెళ్లివారంత జనమన్నమాట. అలాగని టూరిస్టులను కాదనే స్థితిలోనూ ఊరు లేదు. హోటళ్లు, దుకాణాలు, పడవలు, పార్కింగ్ రుసుములు అన్నీ వాళ్ల పుణ్యమే. కానీ ఇళ్లు బసలుగా మారుతూ, పొద్దస్తమానం కిటికీ ముందు కెమెరాలు క్లిక్కుమంటుంటే అక్కడ పిల్లల్ని పెంచుకుంటూ బతికేదెవరు? మనుషులు ఖాళీ చేశాక మిగిలేది ఊరు కాదు, సెట్టింగే.

2023లో ఈ అసంతృప్తి బయటపడింది. మే నెలలో, అందరూ సెల్ఫీలు దిగే చోట దృశ్యం కనబడకుండా చెక్క కంచె కట్టారు. విమర్శలు రావడంతో కొద్ది రోజులకే తీసేశారు. ఆగస్టులో సుమారు 100 మంది స్థానికులు ప్లకార్డులు పట్టుకుని సొరంగం దారిని కాసేపు అడ్డగించారు. రోజుకు ఇంతమందేనని హద్దు పెట్టాలన్నది ఒక డిమాండ్. సాయంత్రం 5 గంటల తర్వాత టూరిస్టు బస్సులు రాకూడదన్నది మరొకటి.

తొందరకు కళ్లెం

అంతకు ముందే, 2020లో, ఊరి పాలకులు ఒక ఉపాయం పన్నారు. టూరిస్టు బస్సు ఏదైనా ముందుగా టైము బుక్ చేసుకుని, రుసుము కట్టి రావాలి. రోజుకు బస్సుల సంఖ్యకు పరిమితి ఉంటుంది. అన్నిటికన్నా ఆసక్తికరమైనది మరో నిబంధన. వచ్చిన బస్సు రెండు గంటలకు పైగా ఆగి తీరాలి. గుంపును దింపి అరగంటలో ఎక్కించుకుపోతానంటే కుదరదు. అతిథి ఎక్కువసేపు ఉండటం కాదు, తొందరగా పోవడమే అసలు బెడద అని గుర్తించిన ఊరు ఇది. అరగంటలో వెళ్లేవారు ఫొటో దిగి, చెత్త మిగిల్చి పోతారు. కాస్త ఆగినవారు కాఫీ తాగుతారు, మ్యూజియం చూస్తారు, పుర్రెల గది దాకా మెట్లెక్కుతారు.

ఈ తిప్పలు ఆల్ప్స్‌కే పరిమితం కాదు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్ వెళ్లే వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరైంది. 2025 వేసవిలో నీలగిరులకు మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలని హద్దు పెట్టారు. అయితే లెక్క పెట్టడం వేరు, ఆగి చూడమనడం వేరు. హాల్‌స్టాట్ రెండోది కూడా అడుగుతోంది.

అయినా ఆ ఊరి అసలు రూపం బస్సు యాత్రికుల కంట పడటం తక్కువే. సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక కూడలిలో నీళ్ల చప్పుడు మళ్లీ వినిపిస్తుంది. సందడిలో అణిగిపోయిన చర్చి గంట స్పష్టంగా మోగుతుంది. కొండ నీడ సరస్సు మీదకు జారుతుంది. అప్పుడు తలుపులు తెరిచి బయటికొచ్చేది ఊరివాళ్లే. ఆ నిశ్శబ్దం కోసమే వేల మైళ్లు దాటి వచ్చినవారు మాత్రం ఆ వేళకు మరో నగరం దారిలో, బస్సు సీట్లలో కునుకు తీస్తుంటారు.