పక్క పొలం బియ్యం, కశ్మీర్ ఆపిల్

దగ్గర్లో పండింది తింటే వాతావరణానికి మేలు, దూరం నుంచి లారీలో వచ్చింది తింటే చేటు అన్నది చాలామంది నమ్మకం. శ్రీనగర్‌లో మొదలయ్యే 44వ నంబర్ జాతీయ రహదారి ఆదిలాబాద్, నిర్మల్ మీదుగానే దక్షిణానికి సాగుతుంది. ఆ దారిన సుమారు 2,000 కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన ఆపిల్ లారీ పొగ కంటికి కనిపిస్తుంది కాబట్టి అనుమానం దాని మీదికే పోతుంది. లెక్క చూద్దాం. టన్ను సరుకును కిలోమీటరు దూరం మోయడానికి లారీ 100 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతుందనుకుంటే, కిలో ఆపిళ్ల ప్రయాణానికి అయ్యేది 200 గ్రాములు. 2018లో పూర్, నెమెచెక్ ప్రచురించిన ప్రపంచవ్యాప్త అధ్యయనం ప్రకారం కిలో బియ్యం వెనక సగటున సుమారు 4 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువులు ఉంటాయి. ఆ బియ్యం కరీంనగర్‌లో మన పక్క పొలంలో పండినా, ఈ భారంలో తగ్గేది రవాణా వాటా మాత్రమే. అది చాలా చిన్నది.

బియ్యం భారానికి కారణం మడిలోనే ఉంది. శ్రీరామసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువ నీళ్లు నెలల తరబడి నిలిచిన పొలంలో మట్టికి గాలి ఆడదు. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు సేంద్రియ పదార్థాన్ని కుళ్లబెట్టి మీథేన్ విడుదల చేస్తాయి. వందేళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లకు పైగా వేడి పెంచుతుంది. ఆదిలాబాద్ నల్లరేగడిలో వాన మీద పండే జొన్నకు ఈ బెడద లేదు. కంది అయితే గాలిలోని నత్రజనిని వేర్లలో తానే పట్టుకుంటుంది, యూరియా అవసరం తగ్గుతుంది. అందుకే ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు లారీలో వచ్చిన జొన్నలు, ఇంటి పక్క మడిలో పండిన బియ్యం కంటే వాతావరణానికి తేలిక. మేక మాంసమూ బియ్యం లాంటిదే, ఊళ్లోనే కోసినంత మాత్రాన దాని భారం తగ్గదు. నెమరువేసే జంతువు పొట్టలోనూ మీథేనే పుడుతుంది.

రవాణాను మరీ తక్కువ చేస్తున్నారనే వాదన ఉంది. 2022లో వచ్చిన ఒక అధ్యయనం ఎరువులు, యంత్రాల తరలింపునూ కలిపి రవాణా వాటా ఆహార ఉద్గారాల్లో సుమారు 19 శాతమని చెప్పింది. ఒప్పుకున్నా, మిగిలిన ఐదింట నాలుగు వంతులూ రవాణాకు బయటివే. విమానంలో వచ్చే పండ్ల సంగతి మాత్రం వేరు, అవి నిజంగానే బరువు. ఊరి రైతు దగ్గర కొనడానికి గిట్టుబాటు, తాజాదనం లాంటి మంచి కారణాలున్నాయి. వాటికోసం కొనాలి.

ఇందులో రైతును తప్పుపట్టడం అన్యాయం. వడ్లకు ఊరూరా కొనుగోలు కేంద్రం ఉంది, జొన్నకు అంత భరోసా లేదు. ఇక్కడి రేషన్‌లో ఇచ్చేదీ నెలకు మనిషికి 6 కిలోల బియ్యమే. వరి వేస్తూనే మీథేన్ తగ్గించే దారి కూడా ఉంది. మడిలో నీళ్లు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి ఇంకేదాకా ఆగి మళ్లీ తడి పెడితే మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది. నైట్రస్ ఆక్సైడ్ కొంత పెరిగినా మొత్తం మీద లాభమే. శ్రీరామసాగర్ కింద యాసంగిలో వారబందీ (వంతులవారీగా నీళ్లు వదలడం) అలవాటున్న రైతుకు ఇది కొత్త విద్య కాదు. పూత దశలో మాత్రం మడి ఎండనివ్వకూడదు.