ముట్టుకుంటే బదులిచ్చే యంత్రాలు

భైంసా మార్కెట్టులో పత్తి కొనేవారు గుప్పెడు దూది తీసి, వ్రేళ్ళ మధ్య మెల్లగా లాగి చూస్తారు. పింజ పొడవెంత, తేమ ఉన్నదా లేదా అన్న సంగతులు వ్రేళ్ళే చెబుతాయి. ఆ పత్తి బొమ్మను నేడు క్షణంలో దేశాంతరం పంపగలము. మరి దాని మెత్తదనాన్ని పంపగలమా?

అది అంత సులువు కాదు. కన్ను వెలుగును, చెవి శబ్దాన్ని స్వీకరించి ఊరుకుంటాయి. చేయి అలా కాదు. మనం నొక్కితే వస్తువు ఎదురు నొక్కుతుంది. న్యూటన్ మూడవ సూత్రం చెప్పేది ఇదే. కనుక స్పర్శను కల్పించే యంత్రం వ్రేలి కదలికను కొలవాలి, ఎదురుబలం ఎంతో లెక్క కట్టాలి, వెంటనే ఆ బలంతో వ్రేలిని తోయాలి. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు చాలు. గట్టి గోడను తాకిన అనుభూతి కలగాలంటే ఈ లెక్క సెకనుకు సుమారు 1,000 సార్లు జరగాలి. ఆలస్యమైతే గోడ మెత్తబడినట్లో, అదురుతున్నట్లో తోస్తుంది.

1990వ దశకంలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో థామస్ మాసీ, కెన్నెత్ సాలిస్‌బరీ అనేవారు ‘ఫాంటమ్’ అనే ఇటువంటి యంత్రాన్ని నిర్మించారు. దాని తొడుగులో వ్రేలు పెడితే మోటార్లు ఎదురు తోస్తాయి. 2002 అక్టోబరులో అదే సంస్థకు చెందిన మండయం శ్రీనివాసన్ బృందమూ, లండన్ యూనివర్సిటీ కాలేజీ వారూ కలిసి ఒక ప్రయోగం చేశారు. కంప్యూటరులో మాత్రమే ఉన్న ఒక ఘనాన్ని, అట్లాంటిక్ సముద్రానికి చెరొక వైపున ఉన్న ఇద్దరు, ఒకరి తోపును మరొకరు తెలుసుకుంటూ కలిసి ఎత్తారు.

ఇందులోని చిక్కును విద్యార్థులే లెక్కవేయవచ్చు. గాజుతంతువులో వెలుగు సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. 5,000 కిలోమీటర్ల దూరానికి పోయి రావడానికి సెకనులో 20వ వంతు పడుతుంది. ఆలోగా యంత్రం 50 లెక్కలు చేయవలసి ఉన్నది! అందుచేత అవతలి వస్తువు ఎలా ఉంటుందో ఇవతలి కంప్యూటరే ముందుగా అంచనా వేసుకొని, కబురు అందిన కొద్దీ సరిదిద్దుకొనే పద్ధతులను శాస్త్రజ్ఞులు రూపొందించారు.

భైంసానుంచి హైదరాబాదు సుమారు 250 కిలోమీటర్లు. వెలుగు పోయి రావడానికి సెకనులో 400వ వంతు చాలు. మధ్యనున్న యంత్రాల జాప్యం కొంత కలుస్తుంది. అయినా నగరంలోని వైద్యుడు ఇక్కడి రోగి కడుపు నొక్కి, గడ్డ ఉన్నదో లేదో తెలుసుకోవడానికి వెలుగు వేగం అడ్డు కాదు. అడ్డు ఉన్నదల్లా, వైద్యుని వ్రేలికి సాటిరాగల యంత్రాన్ని నిర్మించడంలోనే.